వెనక్కి తిరిగిన గుర్రాలు

రంగులరాట్నం ఎలా నడపాలో మా క్యాంపులో తెలియని మనిషి లేడు. దాన్ని ఒక్క పూట నడిపి చూసిన మనిషి కూడా లేడు. ఏటా కోతలు, నూర్పిళ్ళు అయ్యాక తుర్విహాళ ఊరికి కాస్త ఇవతల అమ్మవారి జాతర ఐదు రోజులు జరిగేది. రాట్నం వచ్చేది ఆ ఐదు రోజులే. దాని మంచిచెడ్డలు మాట్లాడుకోవడం మాత్రం మాకు ఏడాది పొడుగునా పనే.

క్యాంపు అంటే మా ఊరే. తుంగభద్ర కాలువ నీళ్ళొస్తున్నాయని విని కోస్తా నుంచి సామాన్లు మోసుకుని వచ్చి, నల్లరేగట్లో గుడారాలు వేసుకుని వరి మొదలుపెట్టినవాళ్ళం. గుడారాలు పోయి మట్టిగోడలు లేచాయి, గోడల మీద పెంకులెక్కాయి, అయినా పేరు క్యాంపే. సినిమా చూడాలంటే బండి కట్టుకుని సింధనూరు పోవాలి. అందుకని మా సరదా అంతా ఆ రాట్నమే, మా విమర్శలన్నీ దాని మీదే.

మా ఆయన లెక్కన రాట్నం మధ్య మొద్దు కొంచెం పడమటికి ఒరిగి ఉంటుంది. ఏటా ఒక కన్ను మూసి చూడడం, ఏటా అదే మాట అనడం. పక్కింటి బాబాయిగారికి వేగం చాలదు. ఆయన జన్మలో ఒక్కసారీ ఎక్కలేదు, కళ్ళు తిరుగుతాయని భయం. "ఎక్కని వారికి వేగం సంగతి ఎందుకండీ బాబాయిగారూ?" అంటే, "కింద నిలబడి చూస్తేనే తెలుస్తుందమ్మాయ్, పైన కూర్చున్నవాళ్ళకేం తెలుస్తుంది?" అనేవారు. టీ హోటలు బల్ల మీద ఈ మాటలు సాగుతుంటే, నేను చల్ల కుండ చంకన పెట్టుకుని అటుగా పోతూ నిలబడిపోయేదాన్ని. నాకూ అభిప్రాయాలున్నాయి మరి. అందరికంటే గట్టివి నావే.

రాట్నం యజమాని ముదగల్ వైపు నుంచి వచ్చే ముసలాయన. కుక్కిమంచం మీద కూర్చుని ఆకు నములుతూ, వచ్చినవాళ్ళ సలహాలన్నీ శ్రద్ధగా వినేవాడు. "హౌదు, హౌదు" అని, కన్నడంలో అవునవునంటూ తలూపేవాడు. ఒక్కటీ మార్చేవాడు కాదు. ఆ ఒక్క హౌదుతోనే మా కడుపు నిండిపోయేది.

ఆయన సొంత చేతులతో చెక్కిన రాట్నం అది. నడుమ టేకు మొద్దు. దాన్నుంచి బండిచక్రం ఆకుల్లా ఎనిమిది దూలాలు. ఒక్కో దూలం చివర ఇనపకడ్డీలకు వేలాడుతూ పక్కపక్కన రెండేసి గుర్రాలు. లోపల ఇద్దరు మగవాళ్ళు దూలాలకు భుజం ఆన్చి పరుగెత్తుతూ తిప్పేవాళ్ళు. లోకమంతా ఆ గుర్రాల మీద ముందుకు చూస్తూ కూర్చుంటుంది. మా నాట్ల ముఠా ఆడవాళ్ళు మాత్రం గుర్రం తల వైపు వీపు పెట్టి, తోక వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు.

దానికో కారణం ఉంది. వరి నాటేవాళ్ళు వెనక్కి నడుస్తారు. నేను వచ్చిన కొత్తలో ఇక్కడి ఆడవాళ్ళకు వరినాటు తెలియదు, జొన్నలు సజ్జలు పండించిన మనుషులు. మోకాలిలోతు బురదలో నడుం వంచి వెనక్కి అడుగేయమంటే ఒకతె వెల్లకిలా పడేది. దాన్ని చూసి నవ్వి పక్కదీ పడేది. వాళ్ళకు నాటు నేర్పింది నేనేనని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాను. రెండేళ్ళు తిరక్కుండా వాళ్ళు నన్ను మించిపోయారన్న సంగతి మాత్రం అంత తొందరగా చెప్పను.

ముఠాకు ఒకటే కట్టుబాటు. వెనకనున్న గట్టు మడమకు తగిలేదాకా ఎవరూ నడుం ఎత్తకూడదు. ఒకతె లేచిందంటే అందరి వరసా చెడుతుంది. దాహమేస్తోందన్నా, వాన వస్తోందన్నా, నడుం విరిగిపోతోందన్నా జవాబు ఒక్కటే, "గట్టు రానీ." ఆ మాట అనేది మేస్త్రమ్మ. ముఠాను నడిపించే మనిషి కనక అందరూ అలాగే పిలిచేవాళ్ళు. తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయింది, యాభై దాటి ఉంటాయి. రాట్నం మీద వెనక్కి తిరిగి కూర్చోవడం మొదలుపెట్టిందీ ఆమే. "ముంగటికి జూస్తే కండ్లు తిరుగుతయ్ చెల్లె. ఎనకకు పోతుంటే పానం నిమ్మళంగుంటది" అనేది. ఎక్కి చూస్తే నాకూ అలాగే అనిపించింది. నాట్లేసిన ఒళ్ళు కదా, దానికి అదే దారి.

ఆ ఏడు జాతరకు ముందే ముసలాయన పోయాడని తెలిసింది. రాట్నం ఆయన కూతురు పట్టుకొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, కొంగు నడుముకు దోపి, చేత్తో సుత్తి పట్టుకుని, మేస్త్రమ్మ మాటలాంటి తెలుగులోనే మనుషులకు పని చెబుతోంది. ఆమె మొగుడూ మరిదీ నోరెత్తకుండా చెప్పినట్టు చేస్తున్నారు. ఆడది రాట్నం నడపడమా అని మా క్యాంపు మగవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నేను మాత్రం, నడపనివ్వండి చూద్దాం అన్నాను. మొదటి రోజు పొద్దున అన్న మాట అది. సాయంత్రానికి నా మాటే మారిపోయింది.

జాతరకు నడిచిపోతుంటే దారిలో మేస్త్రమ్మ నాకు సంగతి చెప్పింది. ముసలాయన కూతురి అన్నకు ముదగల్‌లో ఎడ్లబండ్లు చేసే కార్ఖానా ఉందట. ఆయన కన్ను ఆ టేకు మొద్దు మీదే ఉంది. ఆడదానివి ఊరూరా ఏం తిరుగుతావు, కోయించి బండ్లకు వాడుకుందాం అన్నాడట. చెల్లెలు ఏడ్చి మొత్తుకుంటే చివరికి పెద్దల ముందర ఒక మాట తెగింది. ఈ జాతర ఐదు రోజులూ నాయన ఉన్నప్పటిలాగే జనం ఎక్కితే రాట్నం ఆమెది. లేకపోతే ఐదో రోజు సాయంత్రం ఆయన బండ్లూ రంపమూ తీసుకుని వస్తాడు.

"పాపం" అన్నాను. నిజంగానే అనిపించి అన్నాను. తీరా రాట్నం దగ్గరికి వెళ్ళి చూద్దునుగదా, గుర్రాలన్నీ నీలం రంగు! లోకంలో నీలం గుర్రం ఎక్కడుందమ్మా! సరే, పోనీ. రాట్నాన్ని తేరు దారి నుంచి తీసి కాలువ వైపు పెట్టింది. అదీ పోనీ. కానీ ప్రతి గుర్రానికీ తోక దగ్గర నిలువుగా ఒక చెక్క బిగించి ఉంది, వీపు ఆన్చుకోవడానికట. ఇక మేం తోక వైపు తిరిగి కూర్చోవడం ఎలా? కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి, మొహం చెక్కకేసి రాసుకోవాలా?

నేను ఒంటికాలి మీద లేచాను. "ఏవమ్మా, ఈ చెక్కలేవిటి?"

"ఆనుకోనీకి పెట్టిచ్చిన అక్కా. ఎవరు పడకుండ ఉంటరని."

"ఎవరు పడ్డారు? ఇన్నేళ్ళుగా ఎక్కుతున్నాం, మాలో ఒక్కతె పడిందా?"

"ముంగటికి జూసుకుంట కూసోండ్రి. అందరు గట్లనే కూసుంటరు గద."

"మీ నాన్నగారు మమ్మల్ని ఇలా కూర్చోండి అలా కూర్చోండి అని ఏనాడూ అనలేదు."

"నాయన లేడు గదక్కా" అంది ఆమె.

ఆ మాటకైనా నేను తగ్గాల్సింది. తగ్గలేదు. "అయితే మేం ఎక్కం. పదండే!" అని ముఠాను వెంటబెట్టుకుని బయటికి నడిచాను. పన్నెండు మందిమి. మేం ఎక్కకపోతే మా పిల్లలు ఎక్కరు, తోడికోడళ్ళు ఎక్కరు, చుట్టుపక్కల క్యాంపుల వాళ్ళు ఏమైందోనని ఎక్కరు. రాట్నానికేదో దోషం ఉందని ఎవరో అన్నారు కూడా. ఆ మాట నేను అనలేదు, అలాగని ఖండించనూ లేదు.

రెండో రోజు రాట్నం మీద నలుగురు పిల్లలు తప్ప ఎవరూ లేరు. టీ హోటల్లో నా పేరు మోగిపోయింది. బాబాయిగారు, "బాగా బుద్ధి చెప్పావమ్మాయ్" అన్నారు. ఎన్నడూ ఎక్కని మనిషి మెచ్చుకుంటే పొంగిపోయాను, అంత తెలివి నాది. మేస్త్రమ్మ ఒక్కతే మూతి బిగించుకుని ఉంది. "చెల్లె, మనం పంతం పడితె ఆ పిల్ల రాట్నం పోతది" అంది. "చెక్కలు తీసెయ్యమను, ఇప్పుడే ఎక్కుతాం" అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం దాకా చూశాను. చెక్కలు తీయలేదు. ఆఖరిసారి కడిగేసి వద్దామని మేస్త్రమ్మను తీసుకుని బయల్దేరాను. "రాయబారమా, యుద్ధమా?" అన్నారు మా ఆయన. "రెండూనూ, మీరూ రండి" అన్నాను. ఆయన మొద్దు ఒరిగిందో లేదో చూసుకోవచ్చని సంతోషంగా వచ్చారు.

రాట్నం వెనక చిన్న గుడారం ఉంది. దాని ముందు ఆరేళ్ళ పిల్ల కూర్చుని ఎడమచేత్తో బొరుగులు తింటోంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుని ఉంది. నేను చూడడం చూసి ఆ పిల్ల తనంతట తనే, ఎంతో గొప్పగా, "నేను మీ లెక్క ఎనకకు కూసున్న. చేతులు ఇడిసిన. దబ్బున పడ్డ!" అంది.

నిరుడు మా జాతరలో మమ్మల్ని చూసి నేర్చుకుందట. ఇక్కణ్ణుంచి పోయిన తర్వాత ఇంకో జాతరలో ఎవరూ చూడకుండా ఎక్కి అలా కూర్చుందట. మాకైతే బురదలో ఆరి తేలిన కాళ్ళు, తొడలతో గుర్రాన్ని బిగించి పట్టేవాళ్ళం. పసిదానికి ఏం తెలుసు? నాకు తల తీసేసినట్టయింది. ఆ చెక్క ఎందుకో అడక్కుండా జాతర మధ్యలో నిలబడి అరిచాను. పైగా దాని వల్ల ఏం పోతుందో తెలిసి మరీ అరిచాను. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

ఆ పిల్ల తల్లి, అదే రాట్నం నడిపే ఆవిడ, లోపల్నుంచి వచ్చింది. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను, గొంతు తగ్గించి.

"చెప్తె మిమ్మల్ని అన్నట్టయితది అక్కా. మీరు నవ్వుకుంట ఒచ్చిండ్రు, జాతర పూట. గా మాట నోట్లకెల్లి రాలే."

మా ఆయన నా వంక చూసి, నేను మాటల్లేక నిలబడ్డం మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టారు. మేస్త్రమ్మ మాత్రం ఒక గుర్రం దగ్గరికి పోయి, అది వేలాడే కడ్డీని పట్టుకుని ఊపి చూస్తోంది. ముందొకటి, వెనకొకటి, రెండు కడ్డీలు. రెండూ ఒకే పొడుగు.

"ఏం బిడ్డ, ఈ బోల్టు ఊడొస్తదా?" అంది.

"ఒస్తది. ఊరు మారినప్పుడల్ల తీస్తం."

"అయితె గుర్రాన్నే మలుపు. ఆ చెక్క ఉండనీ. మేం గుర్రం జూసే దిక్కే జూసుకుంట కూసుంటం, చెక్క మా ఈపులకే ఉంటది. మేం ఎనకకు పోతం, ఎవరు పడరు."

ఆ పిల్ల తల్లి బిత్తరపోయింది. "గుర్రం ఎనకకు నడుస్తదా అక్కా? నాయన ఉరికే గుర్రాలు జేసిండు. జనం నవ్వుతరు."

"మేం నడుస్తలేమా?" అంది మేస్త్రమ్మ. "ఎనకకు నడిసే గీ పొలాలన్ని పచ్చగ జేసినం. ఎవరు నవ్విండ్రు?"

ఆమె పోయి ఒక గుర్రం మెడ నిమిరింది. తండ్రి చేసినదాన్ని మార్చాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. చివరికి, "సగం మలుపుదాం. సగం నాయనవి నాయన లెక్కనే ఉండనీ" అంది. ఒక దూలం విడిచి ఒక దూలం. మా ఆయన పరుగున పోయి ఇంజను పానాలు తెచ్చారు. పొద్దు వాలేలోగా నాలుగు దూలాల మీది ఎనిమిది గుర్రాలు అటు నుంచి ఇటు తిరిగాయి. ఆ సందులో ఆయన గుండు దారం వేలాడదీసి మధ్య మొద్దును కొలిచారు. నిట్టనిలువుగా ఉంది. గుండులోనే ఏదో తేడా ఉందని ఇప్పటికీ అంటారు.

నాలుగో రోజు పొద్దున ముఠా మొత్తాన్నీ నేనే తీసుకొచ్చి ఎక్కించాను. "నిన్న ఎక్కొద్దన్నవ్, నేడు ఎక్కమంటవ్, ఏందక్కా నీ సంగతి?" అని ముఠా ఆడవాళ్ళు నన్ను మాటలతో ఆడుకున్నారు. పడ్డాను. పడాల్సిందే. రాట్నం కదిలింది చూడండీ, ఒక గుర్రం ముందుకు చూస్తుంటే దాని ఎదుటిది వెనక్కి పోతోంది, మొహాలూ మొహాలూ ఎదురెదురు! అంతకు ముందు రాట్నమెక్కితే ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు తిరుగుతూనే కబుర్లు. ఎదురెదురుగా పడ్డ ఒక అత్తాకోడళ్ళు, ఏడాదిగా మాటల్లేనివాళ్ళు, మూడో చుట్టుకు పకపకా నవ్వారు. మధ్యాహ్నానికి జనం కాలువ గట్టు దాకా నిలబడ్డారు. "గుర్రాలు పోట్లాడుకుంటున్నట్టున్నాయి, వేగం మాత్రం ఇంకా చాలదు" అన్నారు బాబాయిగారు. నేను ఆయన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగిన గుర్రం మీద కూర్చోబెట్టాను. కళ్ళు తిరగలేదు. రెండోసారి తనే వచ్చి ఎక్కారు.

ఐదో రోజు పొద్దు ఇంకా బారెడుండగానే ఆమె అన్న వచ్చాడు. రెండు ఖాళీ బండ్లు, ఇద్దరు బండివాళ్ళు, గోనెలో చుట్టిన పొడుగాటి రంపం. చెడ్డవాడిలా ఏం లేడు. చెల్లెల్ని పక్కకు పిలిచి మెల్లగానే చెప్పాడు. "మూడు దినాలు ఖాళీ తిరిగిందంట గద. ఐదు దినాలని గదా మాట. దించండ్రి."

నేనే అడ్డం పడ్డాను. "అయ్యా, ఆ మూడు రోజులూ తప్పు నాదండీ. నేనే జనాన్ని ఎక్కనివ్వలేదు. నిన్నా ఇవాళా చూడండి, ఇసకేస్తే రాలడం లేదు."

"తప్పు ఎవరిదైతేందమ్మా, మాట మాటే. చీకటి కాకముందే ఇప్పాలె. మనుషుల్ని దిగమను."

రాట్నం తిరుగుతోంది. పదహారు గుర్రాల్లో పదకొండింటి మీద మా ముఠా. నేనూ పరుగెత్తి పోయి ఎక్కాను. ఆయన దగ్గరికి వచ్చి, దిగండ్రి అన్నాడు. ఎవరూ కదల్లేదు. మేస్త్రమ్మ తన గుర్రం మీద వెనక్కి సాగిపోతూ, ఎంతో మర్యాదగా, "గట్టు రానీ అన్నా, దిగుతం" అంది.

"ఏ గట్టు?"

"ఎనకకు పోతున్నం గద. తగుల్తది."

ముఠా అంతా విరగబడి నవ్వింది. ఆయన ఒక చుట్టు చూశాడు, రెండు చూశాడు. గుండ్రంగా తిరిగేదానికి గట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? "గట్టు రానీ, గట్టు రానీ" అని ప్రతి గుర్రం మీది నుంచీ ఒకటే మాట. బండివాళ్ళు ఎడ్లను విప్పి, వచ్చి ఖాళీ గుర్రాలెక్కి కూర్చున్నారు. వంకర చేతి పిల్ల తల్లిని లాగుతూ, నేనూ నేనూ అంది. తల్లి ఒకసారి ఆ వంకర చేతి వంక చూసింది. అయినా ఎత్తి మేస్త్రమ్మ ఒళ్ళో, వెనక్కి పోయే గుర్రం మీదే కూర్చోబెట్టింది. తనూ తండ్రి పోయాక మొదటిసారి రాట్నమెక్కి, వాళ్ళ ఎదుటి గుర్రం మీద కూతురి మొహం చూస్తూ తిరిగింది.

అయితే తోసేవాళ్ళు మనుషులే కదా. పొద్దుటి నుంచి పరుగెత్తి పరుగెత్తి ఆమె మొగుడూ మరిదీ సొమ్మసిల్లేలా ఉన్నారు. రాట్నం మెల్లబడింది. నవ్వులు ఆగిపోయాయి. ఆగితే దిగాల్సిందే, దిగితే రంపం గోనె లోంచి బయటికి వస్తుంది. అందరికీ తెలుసు. అలా అలా తగ్గి తగ్గి, మేస్త్రమ్మ గుర్రం సరిగ్గా ఆయన ముందుకు వచ్చి నిలబడబోయింది.

"మామ" అంది ఆ పిల్ల. "ఆగుతున్నది. జర తొయ్యవా."

ఆయన మేనకోడలి వంక చూశాడు. తన ఎదుటే కదలకుండా కూర్చున్న చెల్లెలి వంక చూశాడు. చిన్నప్పుడు ఆ రాట్నాన్ని తోసింది ఆయనే అని తర్వాత తెలిసింది నాకు. చెప్పులు అక్కడే విడిచి, వంగి, దూలం కిందుగా లోపలికి దూరాడు. భుజం ఆన్చాడు. గుర్రాలు విసురుగా కదిలాయి. కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి. ఆమె మొగుడు నేల మీద కూలబడి నవ్వాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఎన్ని చుట్లు తిరిగామో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆయన రొప్పుతూ, చొక్కా తడిసి ముద్దయి, పరుగెడుతూనే తలెత్తి అడిగాడు. "ఏమక్కా, గట్టొచ్చిందా?"

మేస్త్రమ్మ ఒళ్ళో పిల్లను గట్టిగా పట్టుకుని వెనక్కి తొంగి చూసింది. "ఇంక రాలేదన్నా" అంది. ఆయన తలపాగా తీసి నడుముకు చుట్టుకుని మళ్ళీ భుజం ఆన్చాడు.